మూడు కోర్సులు సగంలో ఆగిపోయాయి, ఫుల్ స్టాక్‌కి ఒక్క దారి చెప్పండి అన్నవారికి

మీరు అడిగింది ఇదీ: 2023లో ఈసీఈలో బీటెక్ అయిపోయింది. ఎస్‌ఆర్ నగర్ హాస్టల్లో ఉంటూ కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం చేస్తున్నారు. చదువుకోవడానికి రోజుకు రెండున్నర గంటలు దొరుకుతాయి. ఏడాదిలో మూడు ఆన్‌లైన్ కోర్సులు కొన్నారు, మూడూ జావాస్క్రిప్ట్ సగంలో ఆగిపోయాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఒకరు మెర్న్ (మాంగోడీబీ, ఎక్స్‌ప్రెస్, రియాక్ట్, నోడ్) అంటే ఇంకొకరు జావా ఫుల్ స్టాక్ అంటున్నారు, రూమ్మేట్ పైథాన్ అంటున్నాడు. కాలేజీలో జావా చదివింది పరీక్ష కోసమే. ఏది పట్టుకోవాలి, ఏ వరసలో, ఎన్నాళ్లు? ఏఐ టూల్స్ వాడొచ్చా?

జవాబు: పైన (స్క్రీన్ వైపు) జావాస్క్రిప్ట్, రియాక్ట్, వెనక (సర్వర్‌లో) నోడ్, ఎక్స్‌ప్రెస్, అడుగున (డేటాబేస్‌గా) పోస్ట్‌గ్రెస్. వీటన్నిటితో ఒకే ఒక్క ప్రాజెక్టు. మీకు దొరికే టైములో 32 వారాలు, అంటే దాదాపు 550 గంటలు. ఈ ఎనిమిది నెలలూ ఇంకో భాష జోలికి పోకండి, ఇంకో కోర్సు కొనకండి.

కోర్సులు ఎందుకు ఆగిపోయాయో ముందు చూద్దాం, ఎందుకంటే నాలుగోది కూడా అక్కడే ఆగే ప్రమాదం ఉంది. కోర్సు టెక్నాలజీల వరసలో నడుస్తుంది: ఇవాళ క్లోజర్, రేపు ప్రోటోటైప్, ఎల్లుండి ప్రామిస్. అది ఎక్కడ పనికొస్తుందో కళ్ల ముందు లేదు కాబట్టి చూసింది చూసినట్టే జారిపోతుంది. నాలుగు రోజులు షిఫ్టు బరువై గ్యాప్ వస్తే మళ్లీ మొదటి వీడియోకి వెళ్తారు. అందుకే మూడు కోర్సుల్లోనూ హెచ్‌టీఎంఎల్ బాగా వచ్చింది, మిగతాది రాలేదు. తప్పు మీ తెలివిలో లేదు, వరసలో ఉంది.

ఫుల్ స్టాక్ పనిని ఒక బటన్ నొక్కితే జరిగే ప్రయాణంగా చూడండి. ‘సేవ్’ నొక్కారు. బ్రౌజర్ ఫారం చదివి రిక్వెస్టు పంపింది. సర్వర్ దాన్ని తీసుకుని, పంపింది ఎవరో చూసి, వచ్చిన అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి డేటాబేస్‌లో రాసింది. జవాబు వెనక్కి వచ్చి స్క్రీన్ మారింది. ఈ దారిలో ఎక్కడ తెగినా ‘ఇక్కడ తెగింది’ అని పట్టుకోగలిగితే మీరు ఫుల్ స్టాక్ డెవలపరే. ఇంటర్వ్యూలో ఏ మాటల్లో అడిగినా చివరికి చూసేది ఇదే.

ప్రాజెక్టు ఏది? మీరుంటున్న హాస్టలే. ఓనర్ దగ్గర పొడుగు పుస్తకం ఉంటుంది: ఏ గదిలో ఏ బెడ్డు, ఎవరు ఎప్పుడు చేరారు, అడ్వాన్స్ ఎంత, ఈ నెల ఫీజు కట్టారా, ఎంత బాకీ. ఆ పుస్తకాన్ని వెబ్‌లోకి తెండి. టు-డూ లిస్టు, వెదర్ యాప్ కంటే ఇది ఎందుకు మేలంటే ఇందులో డబ్బుంది, తేదీలున్నాయి, ఒకే బెడ్డు ఇద్దరికి ఇచ్చేసే ప్రమాదం ఉంది. అసలు ఉద్యోగంలో ఎదురయ్యే చిక్కులు ఇవే.

జావా ఎందుకు కాదు? జావా మంచి దారే. హైదరాబాద్‌లో బ్యాంకులు, బీమా కంపెనీల జీసీసీల్లో (విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసులు), సర్వీస్ కంపెనీల్లో జావా, డాట్ నెట్ బలంగా ఉన్నాయి. కాలేజీలో జావా నిజంగా వంటబట్టి, కలెక్షన్స్, ఎక్సెప్షన్స్ మీద చేయి తిరిగి ఉంటే నోడ్ బదులు జావాలో సర్వర్ రాసే స్ప్రింగ్ బూట్ పెట్టుకోండి (స్ప్రింగ్ బూట్ 3కి జావా 17 గానీ ఆ పైది గానీ ఉండాలి). మిగతా దారి అంతా ఇదే. కానీ మీరు జావా పరీక్ష కోసమే చదివానని రాశారు. అలాంటప్పుడు బ్రౌజర్‌కి ఎలాగూ జావాస్క్రిప్ట్ తప్పదు కాబట్టి రెండు వైపులా ఒకే భాష ఉంటే కనీసం రెండు నెలలు మిగులుతాయి. ఒక స్టాక్‌లో పని వచ్చినవాళ్లు రెండో దానికి మారడం పెద్ద కష్టం కాదు. ఏదీ పూర్తిగా రానివాళ్లకే ఏది ఎంచుకోవాలన్నది కొండలా కనిపిస్తుంది. పైథాన్ డేటా వైపు వెళ్లాలనుకుంటే చూడండి, ఇప్పుడు వద్దు.

1 నుంచి 3 వారాలు: హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, గిట్. మూడుసార్లు చదివారు కాబట్టి ఇక్కడ నిలబడకండి. ఫారం, టేబుల్, లేబుల్, ఫ్లెక్స్‌బాక్స్. 360 పిక్సెల్ వెడల్పు ఫోన్‌లో పేజీ పక్కకు జరగకుండా ఉంటే చాలు. ఓనర్ ఫోన్‌లోనే చూస్తాడు. గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే టూల్) మొదటి రోజు నుంచే, రోజుకు కనీసం ఒక కమిట్, అంటే ఆ రోజు మార్పుల్ని అందులో దాచడం.

4 నుంచి 10 వారాలు: జావాస్క్రిప్ట్ ఒక్కటే. ఏడు వారాలు ఎక్కువనిపిస్తుంది. ఇక్కడ తొందరపడితే రియాక్ట్‌లో ప్రతి ఎర్రరూ మంత్రంలా కనిపిస్తుంది. ఆబ్జెక్టులు, అర్రేలు, వాటి మీద మ్యాప్, ఫిల్టర్, ఫైండ్, రెడ్యూస్; ఫంక్షన్ని ఇంకో ఫంక్షన్‌కి ఇవ్వడం; ప్రామిస్, అసింక్-అవెయిట్; ఫెచ్. క్లాసులు, ప్రోటోటైప్ లోతులు తర్వాత చూసుకోవచ్చు. చదవడానికి ఎండీఎన్ (మొజిల్లా వాళ్ల వెబ్ డాక్యుమెంటేషన్ సైట్) ఒక్కటి చాలు, అది ఉచితం.

ఈ దశలో అందరూ పడే గుంటలు మూడున్నాయి. ఒకటి, రెండు పేర్లు ఒకే అర్రేని చూపిస్తుంటే ఒకచోట మార్చింది రెండోచోటా మారుతుంది. ఇది ఇప్పుడు అర్థం కాకపోతే రియాక్ట్‌లో ‘స్టేట్ మార్చాను, స్క్రీన్ మారలేదు’ అని రెండు రోజులు పోతాయి. రెండు, సర్వర్ 404 ఇచ్చినా 500 ఇచ్చినా ఫెచ్ దాన్ని ఫెయిల్యూర్ అనుకోదు. నెట్‌వర్క్ పోతేనో బ్రౌజర్ అడ్డుకుంటేనో తప్ప క్యాచ్‌లోకి వెళ్లదు. జవాబులో ‘ఓకే’ అనే విలువను మీరే చూడాలి. మూడు, ఫర్‌ఈచ్ లోపల అవెయిట్ పెడితే అది ఆగదు, పని పూర్తి కాకుండానే కింది లైనుకి వచ్చేస్తుంది. ఫర్-ఆఫ్ వాడండి, లేదా ప్రామిస్ డాట్ ఆల్.

పై దశకు వెళ్లొచ్చా లేదా అన్నదానికి పరీక్ష: ఒక అర్రేలో 12 మంది, ఇంకో అర్రేలో 20 చెల్లింపులు. ఒక్కొక్కరి బాకీ లెక్కగట్టి, ఎక్కువ బాకీ ఉన్నవారు పైన వచ్చేలా వీడియో చూడకుండా గంటలో రాయగలగాలి. రాయలేకపోతే ఇంకో వారం ఇక్కడే ఉండండి. అందులో నామోషీ ఏమీ లేదు.

11 నుంచి 14 వారాలు: ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌తో మాట్లాడే భాష. ఎక్కువమంది ముందు రియాక్ట్ నేర్చుకుని డేటాబేస్ చివర్లో రెండు రోజుల్లో కానిచ్చేస్తారు. నేను తిరగేసి చెబుతున్నాను: ముందు టేబుళ్లు కుదరాలి. అవి వంకరగా ఉంటే పైన ఎంత అందమైన స్క్రీన్ కట్టినా రోజూ మరమ్మతే. మెర్న్‌లో ఉండే మాంగోడీబీని తర్వాత వారంలో నేర్చుకోవచ్చు. హాస్టల్ లెక్క గళ్ల పుస్తకంలో రాసే లెక్క, దానికి టేబుళ్లే సహజం.

నాలుగు టేబుళ్లు చాలు: బెడ్లు, మనుషులు, బిల్లులు, చెల్లింపులు. మొదటిసారి డిజైన్ చేసేవాళ్లు బిల్లు, చెల్లింపు ఒకే టేబుల్లో పెట్టి ‘ఒక మనిషికి నెలకు ఒక్క వరసే’ అని యూనిక్ రూలు పెడతారు. 5వ తేదీన ఒకతను 4,000 కట్టి మిగతా 2,500 జీతం పడ్డాక ఇస్తానంటాడు. రెండో చెల్లింపు టేబుల్లో పట్టదు. అందుకే నెలకు ఒక బిల్లు, ఆ బిల్లుకు ఎన్ని చెల్లింపులైనా. యూనిక్ రూలు బిల్లుల మీద ఉండాలి.

మరి నెట్ స్లోగా ఉండి ఓనర్ సేవ్ రెండుసార్లు నొక్కితే? 4,000 రెండుసార్లు పడుతుంది. బటన్‌ని డిసేబుల్ చేయడం సగం పరిష్కారమే. ఫారం తెరిచినప్పుడే ఒక యూయూఐడీ (ఇంకోదానితో కలవని గుర్తింపు నంబర్) తయారుచేసి రిక్వెస్టుతో పంపండి, చెల్లింపుల టేబుల్లో ఆ కాలమ్‌ని యూనిక్ చేయండి. రెండో నొక్కుడుకి అదే నంబర్ వస్తుంది, డేటాబేసే ఒప్పుకోదు. బెడ్డు విషయంలోనూ అంతే: మనుషుల టేబుల్లో బెడ్డు నంబర్ మీద, ఖాళీ చేసిన తేదీ లేని వరసలకు మాత్రమే వర్తించేలా యూనిక్ ఇండెక్స్ పెట్టండి, పోస్ట్‌గ్రెస్ అది చేయనిస్తుంది. పాతవాళ్ల చరిత్ర చెరగదు, ఒకే బెడ్డులో ఒకేసారి ఇద్దరు ఉండలేరు. ఇలాంటి రూలు కోడ్‌లో మాత్రమే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. డేటాబేస్‌లో ఉంటే కాపలా ఉన్నట్టే. ఇంటర్వ్యూలో ఈ ఒక్కటి బోర్డు మీద గీసి చెప్పగలిగితే అడిగేవాళ్లు నిటారుగా కూర్చుంటారు.

డబ్బుని దశాంశాల్లో దాచకండి. జావాస్క్రిప్ట్‌లో 0.1 + 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. నెల ఫీజు 6,500, ఒకతను 30 రోజుల నెలలో 14న చేరాడంటే 17 రోజులకు 3,683 రూపాయల 33 పైసలు. పైసల్లోకి మార్చి 368333 అని పూర్ణాంకంగా పెట్టండి, లేదా రూపాయికి సరిచేసే రూలు ఓనర్‌ని అడిగి ఒకేచోట రాయండి.

15 నుంచి 19 వారాలు: నోడ్, ఎక్స్‌ప్రెస్. మొదట స్క్రీన్ లేకుండా పోస్ట్‌మ్యాన్‌తోనే (సర్వర్‌కి రిక్వెస్టులు పంపి చూసే టూల్) నడపండి. స్టేటస్ కోడ్‌లు నిజాయితీగా ఇవ్వండి: కొత్తది రాస్తే 201, అంకె తప్పుగా వస్తే 400, లాగిన్ లేకపోతే 401, లాగిన్ ఉన్నా అనుమతి లేకపోతే 403, బెడ్డు ముందే నిండి ఉంటే 409. అన్నిటికీ 200 ఇచ్చి లోపల ‘ఎర్రర్’ అని రాస్తే పైన రియాక్ట్ రాసేటప్పుడు మీకే తల ప్రాణం తోకకొస్తుంది. క్వెరీలో (డేటాబేస్‌కి పంపే ఎస్‌క్యూఎల్ వాక్యంలో) యూజర్ పంపిన మాటని ఎప్పుడూ స్ట్రింగ్‌గా అతికించకండి, పారామీటర్‌గానే ఇవ్వండి.

బాడీ (రిక్వెస్టుతో వచ్చిన డేటా) ‘అన్‌డిఫైన్డ్’ అని వస్తే దాన్ని చదివే జేసన్ మిడిల్‌వేర్ పెట్టలేదు, లేదా రూట్ల తర్వాత పెట్టారు. పోస్ట్‌మ్యాన్‌లో పనిచేసింది బ్రౌజర్‌లో సీఓఆర్ఎస్ (వేరే చిరునామాలోని సర్వర్‌ని ఈ పేజీ అడగొచ్చా అనే తనిఖీ) అని ఆగిపోతే కంగారుపడకండి, ఆ తనిఖీ చేసేది బ్రౌజర్, పోస్ట్‌మ్యాన్ చేయదు. సర్వర్‌లో మీ సైట్ చిరునామాకు అనుమతి ఇవ్వాలి. ఎక్స్‌ప్రెస్ 5 వాడండి: అసింక్ ఫంక్షన్‌లో వచ్చిన ఎర్రర్ నేరుగా ఎర్రర్ హ్యాండ్లర్‌కి వెళ్తుంది. పాత వీడియోల్లో ఉండే 4లో మీరు పట్టుకోకపోతే సర్వరే పడిపోవచ్చు.

ఇక్కడే రెండు బగ్గులు మీకు తప్పకుండా తగులుతాయి. దగ్గరగా చూడండి.

మొదటిది. ఒకరు కట్టిన మొత్తం కోసం పైసల కాలమ్‌ని ఎస్‌క్యూఎల్‌లో సమ్ చేశారు: 650000. దానికి ఇప్పుడు కట్టిన 50000 కలిపారు. ఏడు వేల రూపాయలు రావాల్సిన చోట 65 కోట్ల 500 రూపాయలు కనిపిస్తుంది! పోస్ట్‌గ్రెస్‌లో పూర్ణాంకాల సమ్ ఫలితం బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణాంకం); నోడ్‌కి వాడే పీజీ లైబ్రరీ బిగ్‌ఇంట్‌ని స్ట్రింగ్‌గా ఇస్తుంది. స్ట్రింగ్‌కి ప్లస్ పెడితే కూడిక జరగదు, పక్కపక్కన అతుక్కుంటాయి. డేటాబేస్ నుంచి రాగానే నంబర్‌గా మార్చండి.

రెండోది. జూలై 1న చేరినతను స్క్రీన్ మీద జూన్ 30న చేరినట్టు కనిపిస్తాడు. డేట్ కాలమ్‌ని పీజీ లైబ్రరీ స్థానిక అర్ధరాత్రిగా తీసుకుని డేట్ ఆబ్జెక్ట్ చేస్తుంది. జేసన్‌గా పంపేటప్పుడు అది యూటీసీలోకి (ప్రపంచ ప్రామాణిక సమయం) మారుతుంది, మనం ఐదున్నర గంటలు ముందున్నాం కాబట్టి జూన్ 30 సాయంత్రం 6:30 అవుతుంది. ఇందులో చిత్రమేంటంటే మీ ల్యాప్‌టాప్‌లో తప్పు చూపిస్తుంది, యూటీసీలో నడిచే క్లౌడ్ సర్వర్‌లో సరిగ్గా ఉంటుంది. గడియారంతో పని లేని తేదీని తేదీగానే ఉంచండి: క్వెరీలోనే టెక్స్ట్‌గా మార్చి ‘2025-07-01’ అన్న మాటగా పంపండి. ఫీజు ఏ నెలదో తేల్చేది ఈ తేదీయే.

20 నుంచి 26 వారాలు: రియాక్ట్. ప్రాజెక్టు మొదలుపెట్టడానికి వీట్ అనే టూల్ వాడండి. చాలా వీడియోల్లో ఉండే క్రియేట్ రియాక్ట్ యాప్‌ని 2025 ఫిబ్రవరిలో అధికారికంగా పక్కన పెట్టేశారు. యూజ్‌స్టేట్, యూజ్‌ఎఫెక్ట్, ప్రాప్స్, ఫారంలు, రౌటర్. రిడక్స్ (స్టేట్ అంతా ఒకేచోట ఉంచే లైబ్రరీ) ఇప్పుడు అక్కర్లేదు, ఐదారు పేజీల యాప్‌కి అది భారం. అర్రేలో పుష్ చేస్తే స్క్రీన్ కదలదు, కొత్త అర్రే ఇవ్వాలి (నాలుగో వారంలోని గుంట ఇదే). యూజ్‌ఎఫెక్ట్‌లో ఫెచ్ చేసి స్టేట్ మారుస్తూ డిపెండెన్సీ అర్రే మరిచిపోతే రిక్వెస్టులు ఆగకుండా వెళ్తూనే ఉంటాయి. డెవలప్‌మెంట్‌లో ఎఫెక్ట్ రెండుసార్లు నడిస్తే అది బగ్గు కాదు, రియాక్ట్ 18 నుంచి స్ట్రిక్ట్ మోడ్ కావాలనే అలా చేస్తుంది. ప్రతి పేజీకి మూడు స్థితులు రాయండి: లోడవుతోంది, ఎర్రర్ వచ్చింది, డేటా ఏమీ లేదు. కొత్తవాళ్ల ప్రాజెక్టులో ఈ మూడూ ఉంటే అసలు పని తెలిసినవాళ్లని చూడగానే తెలుస్తుంది.

27 నుంచి 29: లాగిన్. పాస్‌వర్డ్ బీక్రిప్ట్‌తో హ్యాష్ చేయండి, అంటే వెనక్కి చదవలేని రూపంలోకి మార్చండి. సెషన్‌ని (లాగిన్ అయ్యారన్న గుర్తుని) పేజీలోని స్క్రిప్టులు చదవలేని హెచ్‌టీటీపీ-ఓన్లీ కుకీలో ఉంచండి. టోకెన్‌ని లోకల్ స్టోరేజ్‌లో పెట్టడం చాలా వీడియోల్లో చూపిస్తారు. పేజీలోకి ఎవరి స్క్రిప్టయినా చొరబడితే అది టోకెన్‌ని నేరుగా చదివేస్తుంది. బటన్ దాచేస్తే భద్రత అయిపోయిందనుకోకండి, తనిఖీ సర్వర్‌లో ఉండాలి.

30 నుంచి 32: డిప్లాయ్‌మెంట్. ల్యాప్‌టాప్‌లో నడిచింది బయట నడవకపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. కోడ్‌లో లోకల్‌హోస్ట్ అని రాసి ఉంటుంది. పోర్ట్ 3000 అని గట్టిగా రాసి ఉంటుంది, సర్వర్ ఇచ్చే పోర్ట్‌ని ఎన్విరాన్‌మెంట్ నుంచి తీసుకోవాలి. విండోస్‌లో ఫైల్ పేరు చిన్న అక్షరాలతో ఉండి ఇంపోర్ట్‌లో పెద్దక్షరం ఉన్నా నడుస్తుంది, లినక్స్‌లో ‘మాడ్యూల్ లేదు’ అంటుంది. లోపలి పేజీలో రిఫ్రెష్ కొడితే 404 వస్తే, అన్ని దారులకూ ఇండెక్స్ ఫైలే ఇవ్వమని సర్వర్‌కి చెప్పలేదన్నమాట. ఉచిత ప్లాన్లలో కాసేపు వాడకపోతే సర్వర్ నిద్రపోతుంది, ఇంటర్వ్యూకి ఐదు నిమిషాల ముందు ఒకసారి తెరిచి పెట్టుకోండి. డేటాబేస్ పాస్‌వర్డ్ లాంటివి ఉండే డాట్ ఈఎన్‌వీ ఫైల్ పొరపాటున గిట్‌హబ్‌కి వెళ్లిపోతే ఫైల్ తీసేస్తే సరిపోదు, పాత కమిట్లలో ఉండిపోతుంది. ఆ పాస్‌వర్డ్ మార్చేయాల్సిందే.

ఏఐ టూల్స్ సంగతి అడిగారు. జావాస్క్రిప్ట్ ఏడు వారాలూ దానితో కోడ్ రాయించకండి. ఎర్రర్ పెట్టి ‘దీని అర్థమేంటి, ఎక్కడ వెతకాలి’ అని అడగండి, సరిచేసేది మీరే కావాలి. ఆ తర్వాత రాయించుకున్నా ప్రతి లైనూ ఎదుటివారికి వివరించగలిగితేనే కమిట్ చేయండి.

అమీర్‌పేటలో చేరాలా? ఒంటరిగా కూర్చుంటే సాగట్లేదంటే చేరండి, సమయానికి వెళ్లే అలవాటుకీ పక్కన నలుగురు ఉండటానికీ అది ఉపయోగమే. కానీ డెమో క్లాసు తర్వాత మూడు అడగండి: నా కోడ్‌ని ఎవరు చదివి తప్పులు చెబుతారు? బ్యాచ్ మధ్యలో ట్రైనర్ మారితే ఏం చేస్తారు? ప్రాజెక్టు అందరికీ ఒకటేనా? ఆఖరి దానికి ‘అవును, మేమే కోడ్ ఇస్తాం’ అంటే బయటికి వచ్చేయండి. ఒకే ప్రాజెక్టు వంద రెజ్యూమేల్లో ఉంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లకి చూడగానే తెలిసిపోతుంది.

ఇంకొకటి, గట్టిగా చెబుతున్నాను. మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్) ద్వారా మీ పీఎఫ్ చరిత్ర చూస్తారు, ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో అందులో ఉంటుంది. చేరాక బయటపడినా ఉద్యోగం పోతుంది. మీ సపోర్ట్ అనుభవాన్ని నిజంగానే రాయండి: కస్టమర్ చెప్పిన సమస్యని విని అది ఎక్కడ మొదలైందో తవ్వడం మీకు ఇప్పటికే తెలుసు. డీబగ్గింగ్ అంటే అదే.

ల్యాప్‌టాప్‌కి 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే ఈ దారికి సరిపోతుంది. హార్డ్ డిస్క్ మీదే నడుస్తుంటే కొత్తది కొనకుండా ఎస్‌ఎస్‌డీ వేయించండి. డాకర్ అనే టూల్ పేరు వినిపిస్తుంది, ఈ ఎనిమిది నెలల్లో దాని అవసరం రాదు.

ఈ ఆదివారం చేయాల్సింది: హాస్టల్ ఓనర్‌ని అడిగి ఆ పుస్తకంలో ఒక పేజీ చూడండి. పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకోకండి, పైన ఉన్న గళ్ల పేర్లు మాత్రం తెల్లకాగితం మీద దించుకోండి. మార్జిన్‌లో చేత్తో రాసినవి, కొట్టేసి మళ్లీ రాసినవి ఉంటాయి, అవి ఎందుకో అడగండి. ఆ కాగితం ఫోటో, మీరు అనుకున్న నాలుగు టేబుళ్లూ ఇక్కడే కింద పెట్టండి, చూసి చెబుతాను.